గట్టు మీద నడిచినోళ్ళం

మమ్మల్ని చూడగానే చాలామందికి గుర్రం గుర్తొస్తుంది. వాళ్ళ తప్పు కాదు. బడి పుస్తకాల్లో ముస్లిం ఎప్పుడూ గుర్రమెక్కే వస్తాడు. కనుమలు దాటి వస్తాడు, కొడతాడు, దోస్తాడు, ఓపికుంటే ఒక కోట కట్టి పోతాడు. ఆ పాఠం చదువుకున్న పిల్లలు పెద్దవాళ్ళై, ఉద్యోగస్తులై, మా పక్కింటివాళ్ళై, ఓ సాయంత్రం టీ తాగుతూ ఎంతో మర్యాదగా అడుగుతారు: "మీ వాళ్ళు అసలు ఎక్కణ్ణించి వచ్చారండీ?" కృష్ణ నీళ్ళు తాగి పెరిగి, ఈ మట్టిలోనే తాతముత్తాతల్ని పాతిపెట్టుకున్న మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. జవాబు కోసం ఏ సమర్‌ఖందుకో పోనక్కర్లేదు. పక్క ఊరి నుంచి వచ్చాం. నడిచి వచ్చాం. మా తాతలకి గుర్రం మాట అటుంచి, చాలామందికి కాళ్ళకి చెప్పులే లేవు.

ఆ నడక గురించే ఇక్కడ చెప్పదలుచుకున్నాం. సుల్తానుల చరిత్ర చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. బెజవాడకీ బందరుకీ మధ్య కాలవగట్ల మీద, పుంతల మీద, కరకట్టల మీద మూడు నాలుగొందల ఏళ్ళుగా అటూ ఇటూ తిరిగిన కాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

నడకకి ఇంతకంటే సులువైన నేల తెలుగునాట అరుదు. బెజవాడ దగ్గర కొండలు అయిపోతాయి. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య నుంచి కృష్ణ బయటపడ్డాక సముద్రం దాకా నేల అరచెయ్యి చాపినట్టే ఉంటుంది. డెబ్భై కిలోమీటర్ల దూరంలో దిగేది ఇరవై మీటర్లకు మించదు. ఎక్కుడు లేదు, దిగుడు లేదు, అడివి లేదు. ఒక పక్క కాలవ, ఒక పక్క చేను, మధ్యలో గట్టు. ఒక ఊరి తాళ్ళ వరస కనుమరుగు కాకముందే ఇంకో ఊరి రావిచెట్టు కనబడుతుంది. దారి తప్పడమనేది ఉండదు. నీరు పోయేవైపు నడిస్తే బందరు, నీటికి ఎదురు నడిస్తే బెజవాడ.

చేలల్లోంచి ఊరికీ ఊరికీ మధ్య పోయే బండ్లబాటని ఇటు కృష్ణా గోదావరి వైపు పుంత అంటారు. ఏరు దాటి గుంటూరు వైపు పోతే అదే డొంక. వరదకి అడ్డంగా నది పొడుగునా పోసింది కరకట్ట. కోతలయ్యాక ఎండిన చేలకి అడ్డంపడి పోయేది అడ్డదారి, దానికి యజమాని ఉండడు, నాలుగు నెలల ఆయుష్షు ఉంటుంది. వానలు పడ్డాయంటే ఈ నల్లమట్టి సులువంతా పోతుంది. చెప్పు దిగబడుతుంది, చెప్పుతోపాటు మడమ దిగబడుతుంది. అప్పుడు గట్టొక్కటే గతి. అలాగే, నేల చదునుగా ఉందంటే నడకకే కాదు, ఉప్పెనకీ సులువే. 1864 నవంబరు 1న సముద్రం ఈ దారుల మీదే బందరులోకి నడిచి వచ్చింది. ముప్పై వేలమంది పోయారని లెక్క. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చింది. రెండుసార్లూ మసీదుకీ గుడికీ తేడా చూడలేదు.

కాలవలు రాకముందు కూడా ఇక్కడ దారి ఉంది. గోలకొండ రాజ్యానికి బందరు పెద్ద రేవు. అద్దకపు బట్టలు ఇక్కణ్ణించే పారశీకానికి పోయేవి, ఎర్ర సముద్రం వైపు పోయే ఓడల్లో హజ్ యాత్రికులూ ఎక్కేవారు. డచ్చివాళ్ళు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి కోఠీ పెట్టుకున్నారు. పదిహేడో శతాబ్దంలో వజ్రాల బేరానికి తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఈ దారి లెక్క రాసిపెట్టాడు. గోలకొండ నుంచి బందరుకి తిన్నగా పోతే నూరు కోసులు, కొల్లూరు వజ్రాల గని మీదుగా పోతే నూట పన్నెండు. ఆయన ఎక్కువగా రెండో దారే పట్టాడు. ఎందుకో చెప్పనక్కర్లేదు. ఆ గనిలో ఆడామగా పిల్లాపీచూ కలిపి అరవై వేలమంది పనిచేస్తున్నారని కూడా రాశాడు. ఆ అరవై వేలమందిలో ఒక్కరి పేరూ మనకి తెలియదు. 2013లో పూర్తయిన పులిచింతల జలాశయం కింద కొల్లూరు మునిగిపోయింది. వాళ్ళు నడిచిన దారి మీద ఇప్పుడు నీళ్ళున్నాయి.

ఈ దారిలోనే తానీషా కథ ఒకటుంది. అబుల్ హసన్ తానీషా బందరు వైపు పర్యటనకి వచ్చి, దారిలో కూచిపూడి భాగవతుల ఆట చూసి మెచ్చి, ఆ ఊరిని వాళ్ళకి అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకుంటారు. కూచిపూడికి కూతవేటు దూరంలో మొవ్వ. అక్కడి క్షేత్రయ్య గోలకొండ కొలువులో పదాలు పాడినట్టు ఆయన పదమే సాక్ష్యం. ఈ రెండు సంగతులూ చెప్పి 'చూశారా, మావాళ్ళు ఎంత మంచివాళ్ళో' అని మురిసిపోయేవాళ్ళు మాలోనూ ఉన్నారు. ప్రతి సభలోనూ ఒకరు లేచి తానీషాని తలుచుకుంటారు. అందులో మాకు ఇబ్బందేమీ లేదు గానీ ఒక చిన్న అనుమానం ఉంది. సుల్తాను పల్లకీలో వచ్చాడు. పల్లకీ మోసిన బోయీలు నడిచారు. గుడారాలు, వంటపాత్రలు, గడ్డిమోపులు మోసినవాళ్ళు నడిచారు. మా చుట్టరికం పల్లకీతోనా, పల్లకీ కిందనున్న భుజంతోనా? సుల్తాను మంచివాడైతే ఆ మంచితనం మా ఖాతాలో, చెడ్డవాడైతే ఆ చెడ్డతనం మా నెత్తిన. రెండు లెక్కలూ మావి కావు.

సుల్తానులు పోయారు. మాటలు మిగిలాయి. కోస్తా జిల్లాలకి సర్కారు జిల్లాలన్న పేరే ఆ కాలపు పాలనా విభాగాలది. ఆ పాత సర్కార్లలో కొండపల్లి పేరు ముస్తఫానగర్, గుంటూరు సీమ పేరు ముర్తజానగర్. ఆ పేర్లు కాగితాల్లో చచ్చిపోయాయి గానీ చేలో మాటలు బతికే ఉన్నాయి. రైతు ఖరీఫ్ అంటాడు, రబీ అంటాడు, ఫసలీ లెక్క చూసుకుంటాడు. కౌలుకిచ్చానంటాడు. కౌలంటే అరబ్బీలో మాట, ఇచ్చిన మాట. నోటిమాట మీద భూమి చేతులు మారిన కాలం ఆ ఒక్క పదంలో ఉంది. మమ్మల్ని పరాయివాళ్ళనే మనిషి కూడా మా మాట లేకుండా తన చేను గురించి మాట్లాడలేడు.

ఇక కాలవల సంగతి. 1832-33లో గుంటూరు సీమని డొక్కల కరువు తినేసింది. ఐదు లక్షల జనంలో రెండు లక్షల దాకా పోయారని అంచనా. మిగిలినవాళ్ళలో కాళ్ళున్నవాళ్ళు మద్రాసు దారి పట్టారు. ఆ దారి పొడుగునా శవాలే. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కృష్ణకి బెజవాడ దగ్గర 1852లో మొదలుపెట్టి 1855 నాటికి ఆనకట్ట కట్టారు. ఊహ కాటన్ దొరది, దగ్గరుండి కట్టించింది ఓర్ దొర. ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. బెజవాడలో బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ విడిపోతాయి. కాటన్ దృష్టిలో కాలవ సేద్యానికే కాదు, రవాణాకీ. గాలి లేనప్పుడు, ఎదురు నీటిలోనూ, మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు భుజానేసుకుని పడవని లాగేవాళ్ళు. అంటే కాలవగట్టు మనిషి నడుస్తాడనే లెక్కతోనే పోసిన గట్టు. వంపుల దగ్గర మెత్తగా, లాకుల దగ్గర వెడల్పుగా ఉండడం వెనక పడవ లాగినవాళ్ళ అడుగులున్నాయి.

ఆ గట్టుకి కాపలావాడి పేరు లస్కరు. సైన్యానికి పారశీకంలో ఉన్న మాట, లష్కర్, చివరికి గొడుగూ చేతికర్రా పట్టుకుని గండి పడకుండా చూసే చిరుద్యోగికి మిగిలింది. గుర్రమెక్కిన పదం గట్టు దిగి నడవడమంటే ఇదే. ఏ చరిత్రకారుడూ దీన్ని రాజ్యపతనం కింద రాయలేదు.

కాలవలొచ్చాక మాగాణి పెరిగింది, వరి పెరిగింది, ఊళ్ళు బలిసాయి. కల్లంలో గింజ ఉన్న ఊరికే చేతిపనివాడు వస్తాడు. మా వాళ్ళ తిరుగుడు అప్పణ్ణించి బాగా సాగింది. ముందు దూదేకులవాళ్ళు. నూర్‌బాషా, పింజారీ, లద్దాఫ్ అని కూడా వాళ్ళకి పేర్లు. నరం బిగించిన పెద్ద విల్లు భుజాన, దాన్ని మీటే కొయ్యగూటం చేతిలో. కోతలై, చేతిలో నాలుగు డబ్బులాడి, పెళ్ళిళ్ళు మొదలయ్యే ముందు బయల్దేరేవాళ్ళు. పెళ్ళికి పరుపు కావాలి, తలగడలు కావాలి, బూరుగుదూది ఏకాలి. ఊళ్ళోకి రాకముందే గట్టు మీద నుంచి విల్లు మోగించేవాళ్ళు. అరుగు మీద పని, ఆ అరుగు మీదే పడక. కూలి సగం డబ్బు, సగం గింజలు. "ఏం సాయిబూ, ఈ ఏడు ఆలస్యమైంది?" అనేది పలకరింపు. పేరు అడిగేవాళ్ళు తక్కువ. నలభై ఏళ్ళు ఒకే ఊరికి వచ్చినా సాయిబు సాయిబే. అందులో ఆదరం ఉంది, పేరు అక్కర్లేదనుకోవడమూ ఉంది. రెండూ ఒకేసారి ఉండేవి. మత సామరస్యం గురించి రాసేవాళ్ళు మొదటిదే రాస్తారు.

వాళ్ళ ఇళ్ళల్లో మాట తెలుగు. పేర్లు సగం తెలుగు. నమాజుకి పోయినవాళ్ళున్నారు, పోలేరమ్మకి మొక్కినవాళ్ళున్నారు. అసలు ముస్లింలు కారని కొందరు ముస్లింలూ, హిందువులు కారని హిందువులందరూ వాళ్ళని పక్కన పెట్టారు. రెండు చేలకీ చెందని గట్టులాగా వాళ్ళని చూశారు. గట్టు లేకపోతే రెండు చేలూ నిలవవన్న సంగతి రైతుకి తెలుసు, పండితులకి తెలియలేదు.

వాళ్ళ వెనకాల రోళ్ళకి కక్కు కొట్టేవాళ్ళు వచ్చేవాళ్ళు. ఉలి, సుత్తి, సంచి. రోలు నున్నబడితే పప్పు నలగదు, తిరగలి నున్నబడితే పిండి రాదు. ఒక ఇంటి వసారాలో కూర్చుని టకటక కొడుతుంటే వాడకట్టంతా తిరగళ్ళు దొర్లించుకొచ్చేది. అత్తరు సాయిబు పెట్టె తెరిచి దూదిపుల్ల ముంచి చెవి వెనక పెట్టేవాడు. సుర్మా అమ్మేవాడు. నెమలీకల కట్టతో సాంబ్రాణి పొగ వేసే ఫకీరు కొట్టు కొట్టుకీ ఆగేవాడు. కోమటి గానీ కమ్మ గానీ ఆ పొగని కాదన్నవాళ్ళు లేరు. బిడ్డకి దిష్టి తగిలితే తాయెత్తు కట్టేదీ అతనే. గారడీ సాయిబు, పాములాడించేవాడు, గుడ్డెలుగుని నడిపించుకుంటూ వచ్చేవాడు. ఎలుగు వెంట్రుక ఒకటి అడిగి తీసుకుని పిల్లల మొలతాడుకి కట్టిన తల్లులెందరో.

ఏరు దాటి గుంటూరు, ఒంగోలు వైపు పోతే నడక ఇంకో రకం. నాదస్వరం పట్టుకుని దేవుడి ఊరేగింపుకి ముందు నడిచిన షేకులు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా (1924-1999) ఆ పరంపరలోనివాడే. శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ అందుకున్నాడు. ఉత్సవ విగ్రహం వాహనం మీద పోతుంది, ముందు మనిషి ఊపిరి బిగబట్టి నడుస్తాడు.

ఆడవాళ్ళ మాట చెప్పకపోతే ఈ వ్యాసం కుంటిదవుతుంది. ముస్లిం ఆడవాళ్ళంటే పరదా వెనకాలే ఉంటారనుకునేవాళ్ళు నాట్లకాలంలో ఒక పొద్దు ఈ గట్ల మీద నిలబడితే చాలు. కొంగు తలమీంచి చుట్టి నడుముకి బిగించి, అన్నం గిన్నె చంకనెట్టుకుని, మాలపల్లె నుంచీ గౌడపాలెం నుంచీ వచ్చే ముఠాల్లో మా తల్లులూ ఉంటారు. బురదలో పరదా నిలవదు.

2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసి ముస్లింలలో వెనకబడిన వాళ్ళకి బి.సి.-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. పి.ఎస్.కృష్ణన్ నివేదిక దానికి ఆధారం. 2010లో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో పద్నాలుగు సమూహాలకి నిలబెట్టింది. దాని మీద జరిగిన వాదోపవాదాలు అందరికీ తెలుసు. మేము చెప్పేది ఆ జాబితా సంగతి. తీసి ఒకసారి చదవండి. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, బుడబుడకల ఫకీర్లు, గంట ఫకీర్లు, గారడీ సాయిబులు, పాములవాళ్ళు, గుడ్డెలుగువాళ్ళు, హజాములు, బొంతల ఫకీర్లు, తిరుగుడు గంట్లవాళ్ళు, చక్కి టాకనేవాళ్ళు, రోళ్ళకు కక్కు కొట్టేవాళ్ళు. దూదేకులవాళ్ళు అంతకుముందు 1970 నుంచే బి.సి.-బిలో ఉన్నారు. ప్రభుత్వం కులాల పట్టిక అనుకుని రాసుకున్నది నిజానికి నడిచినవాళ్ళ పట్టిక. ఈ దేశంలో మా పూర్వీకులు గడించిన బిరుదులివి. ఒక్కదానిలోనూ గుర్రం లేదు.

ఆ నడక ఎప్పుడు ఆగింది? ఒక రోజున కాదు. వంటింట్లోకి మిక్సీ వచ్చి కక్కు పోయింది. ఫోం పరుపొచ్చి విల్లు గోడకి వేలాడింది. 1972 వన్యప్రాణి చట్టంతో ఎలుగు పోయింది, పోవాల్సిందే, కానీ ఎలుగుకి పునరావాసం చూసినంత శ్రద్ధగా ఎలుగువాడికి చూడలేదు. సైకిలొచ్చింది, బస్సొచ్చింది. ఇవన్నీ ఎక్కడైనా జరిగేవే. ఈ నేలకి ప్రత్యేకంగా జరిగింది ఇంకోటుంది. 1980ల నుంచి వరిచేలు తవ్వి చేపల చెరువులు, ఆ తర్వాత రొయ్యల చెరువులు చేశారు. చేను అయితే కోతయ్యాక అందరిదీ. చెరువుకి కోతలుండవు. ఏడాది పొడుగునా నీళ్ళు, చుట్టూ ఎత్తు కట్ట, కట్ట మీద కాపలావాడు, కుక్క, రాత్రికి లైటు. అడ్డదారులన్నీ ఒక తరంలో చచ్చిపోయాయి. కొల్లేటిలో మరీ ఘోరం. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో యంత్రాలు పెట్టి చెరువుగట్లు కొట్టేస్తే గానీ నీటికే దారి దొరకలేదు. మనుషుల దారి గురించి అడిగినవాళ్ళు లేరు.

దారి పోతే బతికున్నవాడు చుట్టు తిరిగి పోతాడు. చచ్చినవాడు పోలేడు. డెల్టా ఊళ్ళలో మా ఖబరస్తాన్లు చాలావరకు ఊరి చివర, చేల మధ్య, కాస్త మెరక చూసుకుని ఉంటాయి. జనాజా పోయేది గట్టు మీంచే. మామూలుగా నలుగురు ఒకేసారి భుజం పట్టి, పది అడుగులకోసారి మనిషి మారుతూ, ఊళ్ళో ప్రతి ఒక్కరూ ఒక్క అడుగైనా మొయ్యాలని మా ఆచారం. మూడడుగుల గట్టు మీద నలుగురు పక్కపక్కన పట్టరు. ఇద్దరు గట్టు మీద, ఇద్దరు చేలో దిగి మోకాలి లోతు బురదలో. అటు రైతు వరి తొక్కుతున్నారని అరుస్తాడు. మంచివాడైతే అరవడు, మొహం తిప్పుకుంటాడు. చేను చెరువైపోతే దిగడానికి చేను కూడా ఉండదు. ఇది మా ఒక్కరి గోస కాదు, మాలమాదిగల శ్మశానాల దారులదీ ఇదే కథ. చాలా ఊళ్ళలో రెండు దారులూ ఒకే చెరువు దగ్గర తెగిపోయాయి.

చట్టం లేదా అంటే ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం పరాయి పొలంలోంచి ఇరవై ఏళ్ళు ఎడతెగకుండా, బాహాటంగా, హక్కుగా నడిస్తే ఆ దారి మీద హక్కు వస్తుంది. సర్కారు భూమైతే ముప్పై ఏళ్ళు. 1905 ఆక్రమణల చట్టం బాటలూ కాలవలూ ప్రభుత్వ ఆస్తి అంటుంది, పూడ్చినవాణ్ణి లేపమంటుంది. ఇంగ్లండులోనూ ఈ ఇరవై ఏళ్ళ లెక్కే ఉంది. అక్కడ 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు కూలీలు దొరల వేటభూమి మీద నడిచి, ఐదుగురు జైలుకి పోయారు. 1949లో చట్టమొచ్చి, పొలాల్లోని కాలిబాటల్ని పటానికెక్కించారు. ఇవాళ అక్కడివాళ్ళు ఆదివారం పూట సరదాకి పొలంగట్ల మీద, ఏటి ఒడ్డున నడుస్తారు. భూమి యజమాని పక్కకి తప్పుకుని గేటు తీస్తాడు. మన దగ్గర గట్ల మీద సరదాకి నడవడం కరకట్ట పక్కన విల్లాలు కొన్నవాళ్ళతో ఈమధ్యనే మొదలైంది. వాళ్ళని చూసి కాపలాకుక్క మొరగదు.

వాడుక వల్ల హక్కు పుట్టడమన్నది మాకు కొత్త సంగతి కాదు. దస్తావేజు లేకున్నా తరతరాలుగా నమాజు చదివిన చోటు, శవాల్ని పూడ్చిన చోటు, వాడుక చేతనే వక్ఫ్ అవుతుందని షరీయతూ ఒప్పుకుంది, కోర్టులూ ఒప్పుకున్నాయి. అడ్డగుడ్డ మీద బతికిన ఫకీరు దస్తావేజు ఎక్కడ రాయిస్తాడు? 2025 వక్ఫ్ సవరణ చట్టం ఆ వాడుక వక్ఫ్‌ని ఇకముందుకి తీసేసింది. అంతకుముందే రిజిస్టరైనవి ఉంటాయట, అదీ తగాదాలో లేకపోతే, సర్కారు భూమి కాకపోతే. పల్లెటూళ్ళ ఖబరస్తాన్లలో రిజిస్టరైనవెన్ని, కానివెన్ని అన్నది ఎవరి ఊళ్ళో వాళ్ళు పోయి చూసుకోవాల్సిన పని. నడిచి నడిచి పడిన దారికి చట్టంలో ఇంకా చోటుంది. ఆ దారి చివరనున్న గోరీలకి లేదు.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు తిరిగాయి, కొత్త రాళ్ళు పాతారు. డ్రోనుకి పైనుంచి చెరువు కనబడుతుంది, చెరువు కిందపడ్డ పుంత కనబడదు. పాత గ్రామపటంలో మాత్రం అది ఉంటుంది. బండ్లబాటయితే రెండు చుక్కల వరసలు. పీర్ల చావిడి దగ్గర మొదలై, ఖబరస్తాను పక్కగా పోయి, కాలవ రేవు దగ్గర ఆగుతుంది. పదో రోజు పీర్లు ఆ వరసల మధ్యనుంచే నీళ్ళకి పోయేవి. తాషా మాదిగలు కొట్టేవాళ్ళు, పీరు మోయడానికి మొక్కుకున్నవాళ్ళలో కాపులూ గౌళ్ళూ ఉండేవాళ్ళు. ఆ పటం నకలు తహసీల్దారు కచేరీలో అర్జీ పెడితే ఇస్తారు.